ఖాళీ వడపోత గుడ్డ

నేను కట్టే పురుగుల్ని తినే చేపను నేనెప్పుడూ చూడలేదు. ట్రౌట్ అంటారట దాన్ని. చల్లటి దేశాల్లో, కొండల మీంచి దిగే ఏళ్ళలో ఉంటుందట. దాన్ని పట్టడానికి అక్కడి దొరలు వానపామును గుచ్చరు, పిండిముద్ద పెట్టరు. ఈకలతో, వెంట్రుకలతో, దారంతో కట్టిన దొంగపురుగును నీటి మీద వేసి, నిజం పురుగే అనుకుని చేప ఎగిరి అందుకునేదాకా నడుంలోతు నీళ్ళలో నిలబడతారట. పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారని కూడా విన్నాను. తినని చేపకి ఇంత తంటా ఎందుకని మొదట్లో నవ్వుకునేదాన్ని. ఆ తంటా మీదే మా పొయ్యి వెలుగుతోందని గుర్తొచ్చి నవ్వు మానేశాను.

రంగూన్‌లోని అహ్లోన్‌లో పాత బియ్యపు మిల్లుల వెనక వీధిలో ఒక మేడ మీది గది మాది. కొందరం ఆడవాళ్ళం కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కడతాం. బల్లకు బిగించిన చిన్న వైసులో, అంటే మర తిప్పి బిగించే పట్టులో, గాలపు ముల్లు పట్టించి, దాని మీద దారం చుట్టి, కోడిపుంజు మెడ ఈక తిప్పి, పైన దుప్పి వెంట్రుకల కుచ్చు పెట్టి ముడి వేస్తాం. కరెంటు ఉంటే దీపం కింద, లేకపోతే కిటికీ పక్కన. ఈ మధ్య కిటికీ పక్కనే ఎక్కువ. యజమానురాలిని సయామ అంటాం. బర్మా వాళ్ళు పంతులమ్మను పిలిచే పిలుపది.

అన్నిటికన్నా ఎక్కువ కట్టేది కాడిస్ అనే పురుగును. ఇది చిన్నప్పుడు నీటి అడుగున ఉంటుంది. ఒళ్ళంతా మెత్తన, రక్షణకి పెంకు లేదు. అందుకని తన నోటి దారంతోనే ఇసక రేణువులో, ఆకు తునకలో, పుల్లముక్కలో అతికించుకుని ఒక గొట్టంలాంటి గూడు కట్టుకుని, దాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పెద్దయ్యాక పైకి తేలి, రెక్కలు వీపు మీద ఇంటి కప్పులా మడుచుకుని కూర్చుంటుంది. ఇంకొకటి మేఫ్లై. రెక్కలొచ్చాక దానికి పనికొచ్చే నోరుండదు. తిండీ తిప్పలూ లేకుండా ఎగిరి, గుడ్లు పెట్టి, ఒక పూటలో పోతుంది. మా గదిలో వాళ్ళు నన్ను ఆటపట్టించేది దీనితోనే. "నిన్ను దేవుడు మేఫ్లైగా పుట్టించినా బాగుండేది, మా చెవులు బతికేవి" అంటారు. నేను మాట దాచుకోలేని మనిషిని. మా అమ్మ బతికున్నప్పుడు "నోరా, వీపుకు చేటు తేకే" అని నన్ను చూసినప్పుడల్లా అనేది. నా నోరు నా వీపుతో ఆగి ఉంటే ఇప్పుడిది రాయాల్సిన పని ఉండేది కాదు.

సరుకు కొనే ముసలాయన ఒకసారి మా గదికి వచ్చాడు. నేను కట్టిన కాడిస్‌ను వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసి, సయామతో ఏదో చెప్పాడు. ఆమె మాకు బర్మా భాషలో చెప్పింది. ఈ పురుగులుంటే ఆ నీరు బతికున్నట్టట. నీరు చెడితే మనిషి ముక్కుకి తెలిసేలోగా వీటికి తెలుస్తుందట. ముందు పోయేవి ఇవేనట. ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది. అప్పటికది నాకు సంతోషం కలిగించిన మాట. ఏదో ఊసుపోక చేసే పని కాదు మనది, నీటి ఆరోగ్యాన్ని చెప్పే ప్రాణిని కడుతున్నాం అనుకున్నాను.

మా అక్కది ట్వంటే అనే చిన్న పట్నం అవతల పల్లె. ఏరు దాటి అవతలి ఒడ్డున ఉన్న డల వెళ్ళి, బస్సెక్కి ట్వంటే చేరి, అక్కణ్ణుంచి కాలవలో పడవ మీద పోవాలి. ఆ ఊళ్ళో ఒకటే తెలుగిల్లు, మా అక్కది. బావ వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి కోతల కూలీగా వచ్చి అక్కడే నిలిచిపోయాడు. ఊరివాళ్ళు కొరంగీ వాళ్ళిల్లు అంటారు, బర్మాలో తెలుగువాళ్ళకి ఆ పేరు. తిట్టు కాదు, అలాగని ముద్దూ కాదు.

ఆ ఊరికి మంచినీళ్ళంటే ఒకటే చెరువు. వానకు నిండుతుంది, మళ్ళీ వాన దాకా అదే ఆధారం. చుట్టూ కంచె. చెప్పులతో దిగకూడదు, కాళ్ళు కడగకూడదు, గుడ్డ తడపకూడదు, మసి అంటిన గిన్నె ముంచకూడదు. బావ వాళ్ళ నాన్న కాలం దాకా కొరంగీ వాళ్ళు ఆ మెట్లు దిగలేదు. కాలవ నీళ్ళే తాగేవారు. ఒక వానాకాలం గట్టు తెగబోతే ఆయన అందరికన్నా ముందు దూకి మట్టి మోశాడట. ఇకనుంచి మీరూ తోడుకోండని అప్పటి పెద్దలు అన్నారు. అలా వచ్చిన హక్కు అది. ఇచ్చినవాళ్ళు వెనక్కి పుచ్చుకోవచ్చన్న భయం మాత్రం అక్కని ఎప్పుడూ వదల్లేదు. పుచ్చుకుంటే ఆ ఇల్లు లేచిపోవాల్సిందే, ఎందుకంటే ఎండాకాలం కాలవలో ఉప్పూ, పడవల నూనే తప్ప ఏమీ ఉండదు. అందుకే అక్క చెరువుకు వెళ్ళేటప్పుడు చర్చికి వెళ్ళినట్టు ఉతికిన లుంగీ కట్టుకుంటుంది. తన వంతు కాకుండా దిగదు, ఒక్క చుక్క ఒలకనీయదు.

తెచ్చిన నీళ్ళను కడవ మూతికి తెల్ల గుడ్డ కట్టి వడపోస్తుంది. బర్మా ఇళ్ళలో ఇది ఒట్టి శుభ్రం కోసం కాదు. నీళ్ళతో పాటు ప్రాణిని మింగకూడదని. గుడ్డలో చిక్కినవాటిని తిరిగి చెరువులో దులిపి రావాలి. అక్క ఆదివారం ప్రార్థన తప్పని మనిషే అయినా ఆ ఊరి పద్ధతి పట్టింది. చలికాలంలో వెళ్ళినప్పుడు నేనా గుడ్డను తెల్ల పళ్ళెంలో విదిలించి చూశాను. నీటి నల్లులు, సన్న తూనీగ పిల్లలు, మూడు తోకల మేఫ్లై పిల్లలు. వాటి మధ్య ఒక పుల్లముక్క నడుస్తోంది. నేనిన్నేళ్ళూ బొమ్మ చూసి కట్టిన పురుగు, ప్రాణంతో, తన ఇల్లు తను ఈడ్చుకుంటూ. నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి.

"ఏటే, కూడు తినక పురుగులు సూత్తన్నావు?" అంది అక్క.

"ఇదే అక్కా నాను కట్టేది. సూడు, పుల్లలేరుకొని దానికదే ఇల్లు కట్టీసుకుంది."

"మీ బావకన్నా నయం. పైకప్పు మారుస్తానని ఎన్నేల్లయినాదో."

బావ మంచం మీంచే దగ్గాడు. ఆ రోజు చాలా నవ్వుకున్నాం.

మళ్ళీ నేను వెళ్ళేసరికి ఎండలు ముదురుతున్నాయి. అక్క కూతురు రంగూన్‌లోని బోటాటౌంగ్ నుంచి పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. దాని మొగుడిది రేవు గోదాముల్లో పని. నెలలు నిండుతున్న ఆ పిల్లకి పాత చీర గుడ్డలూ, మందులూ తీసుకుని నేను వెళ్ళాను. కూర్చోగానే అక్క గర్వంగా వడపోత గుడ్డ తెచ్చి చూపించింది.

"సూడు, ఒక్క పురుగు నేదు. ఈ ఏడు మా సెరువు నీల్లు అద్దంలాగున్నాయి."

గుడ్డ తెల్లగా ఉంది. పళ్ళెంలో విదిలిస్తే పచ్చటి నాచు పోగొకటి పడింది, అంతే. చలికాలంలో చూసినవి ఒక్కటీ లేవు. అయినా అక్క చెప్పిన మాట నన్ను ఊరుకోబెట్టింది. ఊరివాళ్ళు పుణ్యానికని సంతలో బతికున్న చేపలు కొని చెరువులో వదిలారట. ఇక్కడ అది పెద్ద పుణ్యకార్యం. చావబోయే ప్రాణికి ఆయువు పోస్తే మనకీ ఆయువు అంటారు. చేపలు పురుగుల్ని తిన్నాయి, అంతే కదా అంది అక్క. నేను మాత్రం ఏమంటాను? చేప పురుగును తింటుందన్న నమ్మకం మీదే నా బతుకు నడుస్తోంది. ఇంకెవరైనా అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచించేవారేమో. నేను ఇట్టే నమ్మేశాను.

కానీ ఆ సాయంత్రం నీళ్ళకని అక్క వెంట చెరువుకు వెళ్ళాను. ఎండాకాలం సాయంత్రాలు ఆ చెరువు మీద తూనీగలు మూగుతాయి. ఆ రోజు ఒక్కటీ లేదు. నీటి మీద పరిగెత్తే పొడుగు కాళ్ళ పురుగులు లేవు. వాటిని ఏ చేపా పూర్తిగా తినెయ్యలేదు. కప్పపిల్లలు లేవు. మెట్టు పక్క బురదను వేలితో కదిపితే ఎర్రటి సన్న పురుగులు మెలికలు తిరిగాయి. అవి నాకు తెలుసు, వాటినీ కడతాం, ఎర్ర దారంతో. మిగతావన్నీ చచ్చిన నీటిలో కూడా బతికేవి అవి. గాలి లేదు, అల లేదు. చెరువు నన్ను చూస్తూ ఊపిరి బిగబట్టినట్టు అనిపించి నాకు భయం వేసింది.

గట్టుకు అవతల వేసవి వరి పచ్చగా ఉంది. పొలం మూల పురుగుమందు కొట్టే డబ్బా, ఖాళీ సీసాలు. గట్టు నిండా ఎండ్రకాయ బొరియలు. పొలంలో నీరు చెరువు కన్నా ఎత్తున నిలిచి ఉంది. అది ఎటు దిగుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు.

"ఆ పొలం ఎవలిదే?" అని అడిగాను.

అక్క చుట్టూ చూసింది. "ఆఫో అల్లుడిది. నోరు ముయ్యి."

ఆఫో అంటే తాత. ఆ ఊరి పెద్దను అందరూ అలాగే పిలుస్తారు. చెరువు తాళం, గట్టు మరమ్మతు, ఎవరు ఎప్పుడు తోడుకోవాలి అన్నీ ఆయన చేతిలోనివి. మంచివాడు. పిల్ల పురిటికి వచ్చిందని తెలిసి అరటిగెల పంపినవాడు.

ఇంటికొచ్చాక అక్కతో చెప్పాను, ఈ నీళ్ళు పిల్లకు ఇవ్వకు, మీరూ తాగకండి అని. అక్క కడవ మీద మూత పెట్టి కూర్చుంది.

"మరేటి తాగమంటావు? కాలవ నీల్లా? మీ సెరువు సెడిపోయిందని కొరంగీ ఆడది సెప్తే ఊరుకుంటారేటి? నీకు దండం పెడతాను, ఎవలితోటీ అనకు. నువ్వు ఎల్లిపోతావు. నాను ఈడే ఉండాల."

అనకూడదనే అనుకున్నాను. అక్క మాటలో న్యాయం ఉంది. సైన్యం ఏలుతున్న ఈ రోజుల్లో ఎవరు ఎవరి మనిషో తెలీదు. పడవలో పక్కనున్నవాడితో కూడా ఎండ ఎక్కువగా ఉందన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడం. కానీ మర్నాడు పొద్దున్న పడవ కోసం నిలబడితే ఆఫో ఎదురొచ్చాడు. ఆయన చేయి పట్టుకుని మనవరాలు నిలబడి ఉంది, చేతిలో నీళ్ళ గ్లాసు. ఆ పిల్ల గటగటా తాగుతుంటే నా నాలుక ఆగలేదు. పొలం మాట ఎత్తలేదు, అల్లుడి మాట ఎత్తలేదు. బర్మా భాషలో ఇంతే అన్నాను.

"ఆఫో, నీళ్ళలో తేడా ఉంది. చిన్న ప్రాణులన్నీ పోయాయి. ఇకమీద చేపలు కూడా పోతాయి. కొన్నాళ్ళు ఆ నీళ్ళు తాగకండి."

ఆయన నవ్వాడు. "పురుగుల్ని చేపలు తిన్నాయమ్మా. చేపల్ని మేం తినం, పుణ్యానికి వదిలినవి. నువ్వు దిగులు పడకు" అన్నాడు. ఆ పిల్ల గ్లాసు ఖాళీ చేసి నా వైపు చూసి నవ్వింది.

రంగూన్ వచ్చాక నాకు పని మీద మనసు నిలవలేదు. కాడిస్‌లే కడుతున్నాను. దుప్పి వెంట్రుకలు వేళ్ళ మధ్య సర్దుతుంటే అవి ఎండిపోయిన గడ్డిలా అనిపించేవి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, మోగకపోతే ఇంకా ఎక్కువ భయపడేదాన్ని. చేపలు చావకూడదని ప్రార్థన చేసుకున్నాను. నా మాట అబద్ధం కావాలని దేవుణ్ణి అడగడం అదే మొదటిసారి.

ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. సిగ్నల్ తెగుతూ, అతుకుతూ ఉంది.

"సేపలు తేలినాయే. గట్టంతా తెల్లగా ఉన్నాది."

"పిల్ల ఎలగుంది?"

"పిల్లకేటీ నేదు. మాకెవలికీ ఏటీ నేదు. అదే..." తర్వాత అక్క గొంతు తగ్గించి, "నువ్వు ముందే సెప్పినావు గదా. ఆఫో నిన్ను రమ్మన్నాడు" అంది.

అప్పటికి నాకు అర్థమైంది. మండు వేసవిలో నీరు తగ్గినప్పుడు ఏటా కొన్ని చేపలు తేలడం ఆ ఊరికి కొత్త కాదు. ఎండ అంటారు, గాలి ఆడలేదంటారు, ఏరిపారేసి నీళ్ళు కాచుకుని తాగుతారు. నేను నోరు మూసుకుని ఉంటే ఈసారీ అంతే అయ్యేది. నేను ముందు చెప్పాను కాబట్టి, అది ఎవరో చేసిన పని అయింది. ముందు తెలిసినవాళ్ళు ఎవరు? కొరంగీ ఇంటికొచ్చిన చుట్టం.

సయామ వెళ్ళొద్దంది. కాలం బాగాలేదు, కొత్త మనిషి మీద ఊరు కోపంగా ఉన్నప్పుడు వెళ్ళడమేమిటంది. కానీ వెళ్ళకపోతే? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే. ఆ బరువు అక్క మీద పడుతుంది. వాళ్ళకి అర్థమయ్యేలా చెబితే అంతా సర్దుకుంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కట్టిన పురుగులు కొన్ని అట్టముక్కకు గుచ్చి సంచిలో పెట్టుకున్నాను, కళ్ళకు చూపిస్తే నమ్ముతారని. పిల్ల కోసం మంచినీళ్ళ సీసాలు కొన్నాను. డల పడవలో జనం ఎప్పటిలాగే ఉన్నారు, పిట్టలకు శనగలు విసిరేవాళ్ళు విసురుతున్నారు. నేను మాత్రం అవతలి ఒడ్డు దగ్గరవుతున్న కొద్దీ వెనక్కి జరిగి నిలబడ్డాను.

అక్క ఇంటికి చేరేసరికి ముందరి వెదురు అరుగు మీద ఆఫో కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కన ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు, వాకిట్లో ఆడవాళ్ళు. ఎవరూ అరవడం లేదు. అరిచి ఉంటే బాగుండేది. బావ ఒక మూల కింద కూర్చుని చాప పుల్ల విరుస్తున్నాడు. పిల్ల తలుపు లోపల ఉంది. అందరి చూపూ ముందు నా మొహం మీద, తర్వాత నా చేతిలోని నీళ్ళ సీసాల మీద పడింది.

ఆఫో నన్ను కూర్చోమన్నాడు. ఎండలో వచ్చావు, అలసిపోయి ఉంటావన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"చేపలు చస్తాయని నీకెలా తెలుసమ్మా?"

చెప్పాను. పురుగుల గురించి చెప్పాను. గుడ్డలో ముందు ఏమేం ఉండేవో, తర్వాత ఏవి పోయాయో, నీరు చెడినప్పుడు మొదట ఏవి పోతాయో అన్నీ చెప్పాను. అక్కడే తెలిసింది, నా మాటలు నాకే కట్టుకథలా వినిపిస్తున్నాయని. పొలం మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆఫో అల్లుడు వాకిట్లో నిలబడి ఉన్నాడు, అక్క నన్నే చూస్తోంది. మింగేశాను.

"నువ్వు రంగూన్‌లో ఏం పని చేస్తావు?" అన్నాడు ఒకతను.

"ఈ పురుగుల్నే కడతాను" అని, సంచిలోంచి అట్టముక్క తీసి ఆఫో చేతికిచ్చాను.

ఇచ్చిన మరుక్షణం నా చేయి నేనే కొరుక్కోవాలనిపించింది. ఆయన చేతిలో ఏముందో అప్పుడు వాళ్ళ కళ్ళతో చూశాను. ఇనప ముల్లు. దానికి వెంట్రుకల కుచ్చు. కోడి ఈక. నల్ల దారంతో చుట్టి చుట్టి వేసిన ముడి. మన పల్లెల్లో ఇలాంటిది గడపలో దొరికితే చేతబడి అంటారు. వాళ్ళు పయోగ అంటారు. ఎవరి కడుపులోకైనా, ఎవరి బావిలోకైనా పంపే వస్తువు సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఆఫో అట్టను పక్కన పెట్టేశాడు, అరచేయి లుంగీకి తుడుచుకున్నాడు. వాకిట్లో ఒకామె పసిపిల్లను చంకకెత్తుకుని వెనక్కి జరిగింది. ఇది చేపల కోసం, ఆట కోసం, దొరలు కొనుక్కుంటారు అని ఏదేదో అన్నాను. ఆట కోసం చేపల్ని ముల్లుతో గుచ్చే పనిని, చేపలకు ప్రాణం పోసిన ఊళ్ళో నిలబడి వివరించాను.

ఆఫో మాట్లాడింది నాతో కాదు, బావతో. "మీ నాన్న గట్టు మీద మట్టి మోశాడు. అది నేను మరిచిపోలేదు. కానీ ఊరు అడుగుతోంది. నేనేం చెప్పను?"

బావ తల ఎత్తలేదు. చాప పుల్ల విరగడం ఆగింది.

అప్పుడు మా అక్క లేచింది. లోపలికి వెళ్ళి కడవ మీద మూత తీసి, ఇత్తడి చెంబు నిండా ముంచుకు వచ్చింది. పొద్దున్న చెరువులో తోడిన నీళ్ళు. అందరి ముందూ నిలబడి, చెంబెత్తి తాగింది. ఆగకుండా, గొంతు కదులుతూ ఉండగా, అడుగు దాకా తాగింది. నీళ్ళు గెడ్డం మీంచి జారి జాకెట్టు తడిశాయి. అక్క ఒక్క చుక్క ఒలకనీయని మనిషి.

చెంబు దించి, బర్మా భాషలో అంది. "మేం ఈ నీళ్ళే తాగుతున్నాం, ఆఫో. ఇందులో మేమేమీ కలపలేదు. ఇందులో ఏమీ లేదు."

నేను వద్దని అనబోయాను. మాట రాలేదు. ఇన్నేళ్ళలో నాకు మాట రానిది అక్కడే.

అక్క మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో చెంబు ముంచుకొచ్చింది. ఈసారి నా ముందుకు చాచింది. తెలుగులో, ఎవరికీ అర్థం కాదని తెలిసి, ఎంతో మామూలుగా అంది.

"తాగే. నీ సీసాలు సూసినారు అందరూ. నువ్వు తాగకపోతే మాకు ఈ ఊరు నేదు."

వెనక తలుపు సందులోంచి పిల్ల, పొట్ట మీద చేయి పెట్టుకుని, నన్నే చూస్తోంది. నేను తాగకపోతే ఇంట్లో అందరూ తాగి చూపించాల్సి వస్తుంది, ఆ పిల్లతో సహా. అది ఆ వాకిట్లో అందరికీ తెలుసు. నేను చెంబు అందుకున్నాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఏ వాసనా లేదు, ఏ రుచీ లేదు. తాగినన్నాళ్ళూ ఆ ఊరి నీళ్ళు ఎంత తియ్యగా ఉండేవో, అంతే తియ్యగా ఉన్నాయి. అడుగు దాకా తాగాను.

ఆఫో మొహం తేలికపడింది. నిజంగానే సంతోషించాడు, అందులో నటన లేదు. ఎండ వల్లే పోయి ఉంటాయి చేపలన్నాడు. ఊరివాళ్ళ వైపు తిరిగి, చూశారుగా అన్నాడు. అరుగు దిగుతూ అక్క తల మీద చేయి వేసి, "ఎప్పటిలాగే వచ్చి తోడుకోమ్మా. మీ ఇంటికి ఎవరూ అడ్డు చెప్పరు" అన్నాడు.

అక్క రెండు చేతులూ జోడించింది. కళ్ళ నిండా నీళ్ళు, ఇన్నాళ్ళ భయం తీరినట్టు. అందరూ వెళ్ళాక కడవ వంచి చూసి, నీళ్ళు అడుగంటాయంది. ఇద్దరం చెరో కడవా తీసుకుని చెరువుకు బయల్దేరాం.